తిత్తి ఊపిరి

కురుమయ్య దుర్భిణి మూతి విప్పి, అద్దం చుట్టూ కారిన లక్కను చాకుమొనతో గీకుతున్నాడు. చెంబు పగిలినా, పిడి ఊడినా కంచరివాడికి లక్కే దిక్కు. పోయిన వారం దీనికీ అదే పెట్టాడు. మక్తల్ ఎండకు ఇత్తడి గొట్టం కాలి, లక్క కరిగి, అద్దం ఒరిగింది. బడిపంతులు రామచంద్రం ఫొటో తీస్తే చంద్రుడికి తోక మొలిచింది.

పట్నంలో, చచ్చిపోయిన ఒక దొర సామాను హర్రాజు వేస్తే పంతులు కొన్న దుర్భిణి అది. పొద్దున్నే ఆయన నల్లగొండ బడికి బదిలీ మీద పోతున్నాడు. చంద్రుడి ఫొటోకు ఈ సాయంత్రమే మిగిలింది.

భార్య గోపమ్మ పోయినప్పటినుంచి కురుమయ్య చేతికి వణుకు. ఊరివాళ్ళు పని ఇవ్వడం మానేశారు. ఇదీ చెడితే తన చెయ్యి ఇక చెయ్యి కాదని ఆయన బెంగ.

గోపమ్మ చెల్లెలు ఉప్పలమ్మ జొన్నగటక గిన్నె తెచ్చి పెట్టింది.

"నా బిందె కారవట్టి నెల దాటింది. గది ఇడిశిపెట్టి సందమామకు అతుకేస్తున్నవా బావా?"

"పంతులు ముందుగాల చెప్పిండు," అన్నాడు కురుమయ్య. నవ్వలేదు.

తాటాకు చీల్చి, ఆ ముక్కల్ని అద్దం చుట్టూ మూడుచోట్ల దోపాడు. అద్దం బిగిసింది.

ఇంకో చిక్కు ఉంది. బొమ్మ పడాలంటే ముప్పై లెక్కపెట్టేంతసేపు గొట్టం చంద్రుడి వెంటే జరగాలి. దాన్ని జరిపే గడియారపు యంత్రం ఏనాడో చెడిపోయింది. పళ్ళచక్రాన్ని చేత్తో తిప్పాలి.

దీపాలు పెట్టేవేళకు కొలిమి ముందు వాకిట్లో దుర్భిణి నిలబెట్టారు. అష్టమి చంద్రుడు నడినెత్తిన ఉన్నాడు.

"నా చెయ్యి వణుకుతాంది. నువ్వే తిప్పు పంతులూ."

"మూత తియ్యాలె, లెక్క వెట్టాలె, చక్రం గూడ నేనే తిప్పాల్నా? నాకు నాలుగు చేతులున్నయా కురుమయ్యా?"

కురుమయ్య చక్రం పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. పంతులు మూత తీశాడు.

వెనక, చల్లారిన కొలిమి పక్కన, తిత్తి ఊపిరి తీసింది. గోపమ్మ ముప్పై ఏళ్ళు కొలిమి నిప్పు ఊదిన తిత్తి. దాని తోలు ఎలుకలు ఎప్పుడో కొరికేశాయి. అయినా రోజూ ఆ చప్పుడు వింటాడు, ఎవరికీ చెప్పడు. తిత్తి పొంగినప్పుడు ఒక పన్ను జరిపాడు. అణిగినప్పుడు ఇంకో పన్ను. చెయ్యి వణకలేదు.

"ముప్పై!" అని పంతులు మూత పెట్టాడు.

"ఇగ ఊదింది చాలు తియ్యే," అన్నాడు కురుమయ్య. "నీ రెక్కలు నొస్తయి."

"ఎవరితోని మాట్లాడుతున్నవ్?"

"ఎవ్వల్లేరు."

రాత్రే మందునీళ్ళలో కడిగి ఆరబెట్టిన, బొమ్మ పడ్డ గాజుపలకను చేత పట్టుకుని పంతులు తెల్లారకముందే వచ్చాడు. కురుమయ్య కొలిమి గోడకు ఆనుకుని కూర్చునే ఉన్నాడు. పక్కన ఉప్పలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"పిలిస్తే పలకలే పంతులూ. నిద్రల్నే పోయిండు."

అడ్డరోడ్డు మీద బస్సు మోత వినిపించింది.  పంతులు పలకను కొలిమి దగ్గరి దాగలి దిమ్మ మీద నిలబెట్టి, తలవంచుకుని వెళ్ళిపోయాడు.

ఇంకా కాగితం మీద అచ్చు తీయని పలకలో వెలుగంతా నలుపే. తెల్లవారే వెలుగు గాజులోంచి వస్తుంటే, దాని నడుమ చంద్రుడు నల్లగా, అంచు ఎక్కడా చెదరకుండా ఉన్నాడు.