గేటు దగ్గర మొలవని గడ్డి

పొద్దున్నే మోహిని చేసే మొదటి పని పైపు విప్పడం. సోంపేట దగ్గర డయాలసిస్ సెంటరు ముందున్న ఖాళీ జాగాలో కొత్తగా గడ్డి విత్తనాలు చల్లారు. పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టి, వెనక గోడ నుంచి గేటు దాకా జల్లులా తడిపేది. తడిపినంతసేపూ ఎవరితోనూ మాట్లాడేది కాదు.

ఆ చోటు ఆమెకి కొత్తేమీ కాదు. భర్త యువరాజుని రెండేళ్ళపాటు అక్కడికే తీసుకొచ్చింది. అతను పోయాక కూడా డయాలసిస్ రోజు వచ్చిందంటే ఆమె కాళ్ళు ఇంట్లో నిలిచేవి కావు. చీకటితోనే లేచి, సంచీలో అన్నం క్యారేజీ, అతను కప్పుకునే దుప్పటీ పెట్టుకుని, బస్సెక్కి వచ్చి వరండాలో బల్ల మీద కూర్చునేది. అతని పేరు పిలవరని తెలుసు. అయినా కూర్చునేది. మేనేజరు బాలకృష్ణ కొన్నాళ్ళు చూసి, "ఊరికే కూర్చునే బదులు రోజూ వచ్చి గడ్డికి నీళ్ళు పొయ్యమ్మా, జీతం ఇప్పిస్తాను" అన్నాడు.

గడ్డి సమంగా రాలేదు. విత్తనాలు అంతటా ఒక్కలాగే చల్లారు, నీళ్ళూ ఒక్కలాగే పడ్డాయి. అయినా మోహిని పైపు బిగించే కొళాయి దగ్గర చీలమండలు మునిగేంత ఎత్తున లేచింది. వెనక గోడ మూల, తోడెవరూ లేకుండా వచ్చే ఓ ముసలాయన కూర్చునేచోట ఒత్తుగా పరుచుకుంది. గేటు దగ్గర మాత్రం ఒట్టి ఎర్రమట్టి. రోగుల వెంట వచ్చినవాళ్ళు అక్కడే గుంపుగా చేరి, క్యారేజీలు విప్పుకుని, ఒకరి కష్టం ఒకరికి చెప్పుకునేవారు. ఒంటరి మనిషి నిలబడితే ఆ గడ్డి లేచేది, నలుగురు కూడితే లేచేది కాదు. నర్సులకీ తెలుసు, ఆటోవాళ్ళకీ తెలుసు. విత్తనాలు అమ్మిన పలాస కొట్టతనికి బాలకృష్ణ చెబితే, "కొన్ని రకాలంతే సార్" అని ఇంకో బేరం చూసుకున్నాడు.

మోహినికి మాత్రం సిగ్గుగా ఉండేది. ఆమె నడిచినంతమేరా వెనకాలే పచ్చటి చార తేలేది. జనం వచ్చేలోపు దాన్ని కొడవలితో కోసి అవతల పారేసేది.

ఇంతలో కొత్త వార్డు తెరవడానికి పైఅధికారులు వస్తారని కబురొచ్చింది. బాలకృష్ణ గేటు దగ్గరి మట్టిని చూసి తల గోక్కున్నాడు.

"మోహినమ్మా, కారు దిగ్గానే వాళ్ళ కంట పడేది ఇదే. బంధువుల్ని వెనక షెడ్డులో కూర్చోమంటాను. నువ్వు మధ్యాహ్నంపూట కాసేపు ఇక్కడ నిలబడు."

అతని మాటలో ఎగతాళి లేదు. ఎరువు వెయ్యమన్నట్టే అన్నాడు.

"అలాగే బాబూ" అంది మోహిని.

నిలబడింది. కాసేపటికే పాదాల చుట్టూ సూదుల్లా మొలకలు తలెత్తాయి. ఒకచోట లేచాక పక్కకి జరిగేది, అక్కడ లేచాక ఇంకాస్త. నిలబడి ఇంటిని తలుచుకునేది. పొద్దున్న తను వేసిన తాళం సాయంత్రం తనే తియ్యాలి. ఒక్క మనిషికి ఎసరు పెట్టడం ఇంకా చేతకాలేదు. రెండో మనిషి అన్నం రోజూ మిగిలిపోతోంది.

తీరం నుంచి తమ్ముడు పోలారావుని డయాలసిస్‌కి తీసుకొచ్చే రాజులమ్మ ఒకనాడు ఆమె ముందు ఆగింది. యాభై దాటిన జాలరి మనిషి.

"ఏటి సెల్లీ, ఎండలో అలాగ నిలబడిపోనావు?"

"పనప్పా."

"నిలబడ్డం పనేటి?"

మోహిని కిందకి చూపించింది. రాజులమ్మ ఆ గడ్డి వంక చూసింది. క్యారేజీ మూతలో ఎండు చేపల పులుసు కలిపిన అన్నం పెట్టి చాచింది.

"నిలబడే తిను."

"తిన్నానప్పా" అని అబద్ధమాడి మోహిని పక్కకి జరిగింది. గడ్డి ఎక్కడ చస్తుందోనని భయం.

తర్వాతి వారం మధ్యాహ్నంవేళ లోపల ఏదో హడావుడైంది. నర్సు రాజులమ్మని బయటికి పంపేసింది. ఎప్పుడూ నోరు మూయని మనిషి, షెడ్డులోకి పోకుండా గేటు పక్క మట్టిలో వచ్చి నిలబడి ఎటో చూస్తోంది. ఆమె ఉత్త పాదాల చుట్టూ మొలకలు లేవడం మోహిని చూసింది. తన గడ్డి కంటే వడిగా లేస్తున్నాయి.

చూస్తూ నిలబడలేకపోయింది. వెళ్ళి చెయ్యి పట్టుకుంది.

"ఏటయిందప్పా?"

"వణుకొచ్చీసింది. పళ్ళు కొట్టుకుంటన్నాయి. పోతాడేటో సెల్లీ."

"మా ఆయనకీ వచ్చీది. సూది ఏత్తే తగ్గిపోయీది. కాళ్ళకి సల్లగాలి తగలనియ్యకూడదు. దుప్పటుందా?"

"నేదు."

మోహిని వరండాలోకి పరుగెత్తి తన సంచీలోంచి యువరాజు దుప్పటి తీసి నర్సుకి అందించింది. తిరిగొచ్చి రాజులమ్మ పక్కన చతికిలబడింది. వణుకు తగ్గిందని కబురు వచ్చేదాకా మాట్లాడుతూనే ఉంది. యువరాజు చేపల ముళ్ళు తీసి తనకి పెట్టేవాడని, బస్సులో ఎప్పుడూ కిటికీ పక్క చోటు తనకే ఇచ్చేవాడని చెప్పింది. అతను పోయాక అతని పేరు పైకి అనడం అదే మొదలు.

గేటు దగ్గర లేచిన గడ్డి పసుపెక్కి ఎండిపోయింది. బాలకృష్ణ ఆమెని పక్కకి పిలిచాడు.

"వాళ్ళొచ్చి వెళ్ళేదాకా కాస్త విడిగా ఉండమ్మా. ఆ తర్వాత ఎవరితో కూర్చున్నా నేనేమీ అనను."

మోహిని కాదనలేదు. మర్నాడు మధ్యాహ్నం వెళ్ళి నిజాయితీగానే నిలబడింది. కానీ షెడ్డులోంచి రాజులమ్మ గొంతు వినిపిస్తోంది. పోలారావు ఇవాళ ఏమైనా తిన్నాడో లేదో అడగాలని మనసు పీకుతోంది. పొద్దు వాలినా ఒక్క మొలక కూడా లేవలేదు.

"నావల్ల కాదు బాబూ" అని కొడవలి తెచ్చి అప్పగించింది.

బాలకృష్ణ కొడవలి అందుకున్నాడు. "నీళ్ళు ఎవరైనా పోస్తారమ్మా. గడ్డి రావాలి కదా" అన్నాడు మెల్లగా. ఇంకొకరిని చూసుకుంటాననీ, ఈ నెల జీతం పూర్తిగా ఇప్పిస్తాననీ చెప్పాడు.

మోహిని సంచీ భుజాన వేసుకుని గేటు దాటేసరికి, బయట ఆటోలో రాజులమ్మ ఉంది. పక్కన పోలారావు దుప్పటి కప్పుకుని ఒదిగి కూర్చున్నాడు. జరిగింది విని రాజులమ్మ, "మాకాడ సేపలెండబెట్టడానికి సేతులు సాలడం నేదు. ఎక్కు" అంది.

"ఇప్పుడేటప్పా? ఇంటికెల్లాల."

"ఇంటికాడ ఎవులున్నారు?"

"ఎవులూ నేరు."

"మరి ఎవుల్నడగాల?"

మోహిని భుజాన ఉన్న సంచీ దించింది. పోలారావు ఇంకాస్త జరిగి చోటిచ్చాడు.