కంటికి కనబడనిది

కంప్యూటర్లు బాగుచేసే పనిలో సగం అలసట పెద్దమనుషులతో వాదించడం వల్లే వస్తుంది. తాడేపల్లిగూడెంలో షాపు పెట్టిన కొత్తల్లో, 2005లో, పెంటపాడు దగ్గర ఒక చర్చిలో అలాంటి వాదన మూడు ఆదివారాలు సాగింది.

అక్కడి పాత బాప్తిస్మ రిజిస్టర్లకు చెద పట్టింది. రిటైరైన పుష్పలత టీచరుగారు భూతద్దం పెట్టుకుని, అందులోని పేర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించడం మొదలుపెట్టారు. ఆవిడ శ్రమ పోకూడదని, ఏది కొట్టినా ఒకేసారి రెండు డిస్కుల్లో పడేలా చేద్దామనుకున్నాను. ఒకటి పోయినా రెండోది ఉంటుంది. దానికి విడిగా ఒక కార్డు కొని కంప్యూటర్ లోపల బిగించవచ్చు, లేదా సాఫ్ట్‌వేర్‌తోనే సరిపెట్టవచ్చు.

"సాఫ్ట్‌వేరే మంచిదండీ. కార్డు తన సొంత పద్ధతిలో రాసుకుంటుంది. అది కాలిపోతే మళ్లీ అలాంటి కార్డే దొరకాలి" అన్నాను.

సంఘ పెద్ద వరదానం గారు ఒప్పుకోలేదు. "కార్డయితే చేత్తో పట్టుకుని చూడొచ్చు. కంటికి కనబడనిదాన్ని ఎలా నమ్మమంటావయ్యా?"

ప్రతి ఆదివారం కనబడనివాటినే నమ్మమని చెప్పే మనిషి! నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. పోనీ సీడీల్లో కూడా కాపీ తీద్దామంటే, రెండు డిస్కులుండగా అదెందుకన్నారు. విసుగెత్తిపోయి, సరేనండీ అని కార్డే బిగించేశాను. నా తప్పు అదే.

రెండేళ్లకు టైపు పూర్తయింది. ఆ నెలలోనే ఓల్టేజి ఎక్కువై కార్డు కాలింది. డిస్కులు రెండూ నిక్షేపంగా ఉన్నాయి. వేరే కంప్యూటర్‌కి తగిలిస్తే మాత్రం ఖాళీ అని చూపిస్తున్నాయి. ఏలూరు, విజయవాడ తిరిగాను. హైదరాబాదుకు ఫోన్లు చేశాను. ఆ రకం కార్డు తయారీ ఎప్పుడో ఆగిపోయిందట.

సంగతి చెబితే వరదానం గారు తల దించుకున్నారు. "ఈసారి ఆ కనబడనిదే పెట్టు బాబూ" అన్నారు. ఆయన్ని ఎత్తిపొడిచే ఓపిక కూడా నాకు మిగల్లేదు.

పుష్పలత గారు భూతద్దం తుడుచుకుని, మళ్లీ మొదలుపెట్టడానికి మొదటి రిజిస్టరు తెరిచారు. నాలుగో పేజీలో కొత్తగా చెద తిన్న కన్నం ఉంది. తేదీ ఉంది, తండ్రి పేరు ఉంది.

"ఇక్కడ ఒక పాప పేరు ఉండేది బాబూ. నేనే టైపు చేశాను."

ఆ కన్నం అంచు వెంట వేలు తిప్పారు.

"ఎంత తలుచుకున్నా గుర్తు రావట్లేదు."