విధవరాలి ఇంటిపేరు

రోజాల్బా పొలెంటా అనే మొక్కజొన్న సంకటి అడుగంటిన గిన్నె తోముతోంది. కాన్పయి వారమైనా కాలేదు, నిలబడితే నడుము లాగేస్తోంది. అయినా ఆదివారం భోజనానికి వచ్చిన కోడలు గిన్నెలు వదిలేసి కూర్చోవడం ఆ ఇంట్లో లేదు. అత్తగారు ఒనోరీనా పసిబిడ్డను భుజాన వేసుకుని, పక్కనే నిలబడి ప్లేట్లు తుడుస్తోంది. మగవాళ్ళిద్దరూ బల్ల దగ్గరే ఉన్నారు.

"రేపు మునిసిపాలిటీలో పిల్ల పేరు రాయించాలి. నువ్వో సంతకం పెడితే చాలు" అన్నాడు భర్త లోరిస్.

కడుపుతో ఉన్నప్పుడే ఆమె అడిగింది, పిల్లకి ఇద్దరి ఇంటిపేర్లూ పెడదామని. రైలుపెట్టెల్లా ఉంటుందని నవ్వేశాడు. పెళ్ళయినా కాగితాల్లో ఆమె ఇంటిపేరు పుట్టింటి త్రొవాతోనే. ఈ కొండ ఊళ్ళో మాత్రం మందులషాపు నుంచి చర్చి దాకా అందరికీ దెల్లా వేదొవా వాళ్ళ కోడలు. కొన్నాళ్ళకి తనూ ఆ పిలుపుకే తల తిప్పడం మొదలుపెట్టింది. అది తలచుకుంటేనే సిగ్గేస్తుంది.

"త్రొవాతో అంటే దొరికినవాడనేగా? మీ పూర్వీకుడెవడో మఠం గుమ్మంలో దొరికుంటాడు. అది తగిలిస్తావా నా మనవరాలికి?" అన్నాడు మామగారు ఎర్మెస్. "మాది అలాంటిది కాదు. మంచుపెళ్ళలు విరిగిపడి మా మూలపురుషుడు పోయాడు. దెల్లా వేదొవా, అంటే విధవరాలి కొడుకులని ఊరు పిలిచింది, అదే ఇంటిపేరైంది. ఆ కొడుకులే ఈ లోయలో మొదటి రంపపు మిల్లు పెట్టారు."

"కొడుకులకి అప్పటికి పాలపళ్ళు ఊడలేదు" అంది ఒనోరీనా, ప్లేటు మీంచి తల ఎత్తకుండా. "మిల్లు పెట్టింది ఆవిడే. కొండ మీంచి దుంగలు బండి మీద దించిందీ ఆవిడే. మీ అమ్మే చెప్పింది నాకు, ఈ వంటింట్లోనే."

"ఎవరు పెడితే ఏంటిలే" అన్నాడు ఎర్మెస్.

"ఆవిడ పేరేంటి మామయ్యా?" అడిగింది రోజాల్బా.

ఎర్మెస్ కొడుకు వైపు చూశాడు. "పేరా? విధవరాలు... అంతే."

కొళాయి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. మిల్లు పెట్టింది, పిల్లల్ని పెంచింది, ఇన్ని తరాలకి ఇంటిపేరిచ్చింది. మొగుడు పోయిందొక్కటే గుర్తుంచుకున్నారు. తన పిల్లకి వీళ్ళు గొప్పగా ఇస్తున్నది, పేరు పోగొట్టుకున్న ఓ ఆడమనిషి ఆనవాలు. ఆ మాటకొస్తే రోజాల్బా పుట్టింటి వైపూ అంతే. మఠం గుమ్మంలో బిడ్డను దించి వెళ్ళిన ఆ తల్లి ఎవరో కూడా ఎవరికీ తెలియదు కదా.

ఒనోరీనా బిడ్డను ఆమె చేతుల్లో పెట్టి, గిన్నె లాక్కుంది. "రేపు నీకేం అనిపిస్తే అది చెప్పు" అంది, కోడలికి మాత్రమే వినపడేలా. "లోరిస్ పుట్టినప్పుడు నన్నెవరూ అడగలేదు."

మర్నాడు ఆఫీసులో గుమాస్తా అడిగింది. "తండ్రి ఇంటిపేరు ఒక్కటే రాయాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి. లేకపోతే రెండూ రాస్తాం. ఒప్పుకుంటున్నారా?"

"ఆఁ, ఒప్పుకున్నాం" అన్నాడు లోరిస్.

"నేను ఒప్పుకోలేదు" అంది రోజాల్బా.

లోరిస్ ముఖం ఎర్రబడింది. గొంతు తగ్గించి, "నాన్నకి ఏం చెప్పమంటావ్?" అన్నాడు.

"పిల్లకి తల్లి కూడా ఉందని చెప్పు."