అంచు తెగిన కర్టెను

టేపు పెట్టి కొలిచే దర్జీలు లోకంలో చాలామంది ఉంటారు. దర్జీమాస్టరు ఆ గుంపులో మనిషి కాదు. ఉన్న రెండు కళ్ళనీ నమ్మకుండా టేపుని నమ్మడం కృతఘ్నత అని అతని అభిప్రాయం. వినయం కొద్దీ ఈ సంగతి రోజుకోసారి మించి చెప్పేవాడు కాదు. బస్టాండు వెనక సందులో మిషను వేసుకుని పొద్దస్తమానం జనం ప్యాంట్లు పొట్టి చేసేవాడు. ఒక కాలు చెప్పుని తాకుతోంది, ఇంకోటి చీలమండ పైనే ఆగిపోయిందని ఎవరైనా పోట్లాటకి వస్తే, "ప్యాంటు సరిగ్గానే ఉంది సార్, మీరే కాస్త ఇటు ఒరుగుతున్నారు" అని నచ్చజెప్పేవాడు. నిజమేననుకుని ఆ తర్వాత ఒరిగే నడిచినవాళ్ళు కూడా ఉన్నారు.

ఈ మాట విని పకపకా నవ్వే మనిషి అతని భార్య. ఆవిడిప్పుడు ఆస్పత్రి మంచం మీద ఉంది. ఊపిరితిత్తులు పాడయ్యాయి. నవ్వితే దగ్గు, దగ్గితే ఆయాసం.

"ఇంటికి పంపించొచ్చు. కానీ గాలీ వెలుతురూ వచ్చే గది ఉండాలి," అన్నాడు డాక్టరు. "మా నర్సు వచ్చి చూస్తుంది. లేకపోతే కొండమీది ఆస్పత్రికి పంపేస్తాం."

కొండమీది ఆస్పత్రి చాలా మంచిదని అందరూ అన్నారు. అక్కణ్ణించి తిరిగొచ్చిన మనిషిని చూశామని మాత్రం ఎవరూ అనలేదు.

దర్జీమాస్టరు గదికి గోడలు నాలుగు, తలుపు ఒకటి. కిటికీ లేదు. వెనక గోడకి ఆనుకుని పక్క మేడ గోడ. ఆ సందులో బల్లి కూడా పక్కకి తిరిగి నడవాల్సిందే. వేరే గది కోసం ఊరంతా తిరిగాడు. కిటికీ ఉన్న ప్రతి గదీ అతని తాహతుకి అందనంత ఎత్తులో కూర్చుంది. కాళ్ళు పీకాయి, నోరు ఎండిపోయింది, నర్సు వచ్చే రోజు దగ్గరపడింది.

దారి తోచని మనిషి చేతులు ఊరుకోవు కదా. అతను గదిని అలంకరించడం మొదలుపెట్టాడు. కిటికీ ఎలాగూ లేదు, కనీసం మనుషులుండే చోటులా అయినా కనిపిస్తే నర్సు మనసు కరుగుతుందేమోనని ఆశ.

మార్కెట్టు చివర పాత సామాన్ల కొట్టు ఉంది. దాని యజమానురాల్ని ఊరందరూ అక్కా అనే పిలుస్తారు, ఆవిడకంటే పెద్దవాళ్ళు కూడా. అక్క దగ్గర అతను తాళం పోయిన సూట్‌కేసు కొని మంచం పక్కన బల్లగా నిలబెట్టాడు. ఒక చెయ్యి ఊడిన కుర్చీ తెచ్చి, ప్యాంట్ల నించి తెగిన ముక్కలన్నీ కలిపి దానికి తొడుగు కుట్టాడు. గోడలకి పెచ్చులూడిన చోట్ల జతలేని సాసర్లు తగిలించాడు. మెడ వంగిన టేబుల్ లైటుకి పాత చొక్కా కాలరు తొడిగితే అది వంగి నమస్కారం పెడుతున్నట్టు కనబడింది. గది నిజంగానే ముచ్చటగా తయారైంది. ఊపిరి మాత్రం ఆడేది కాదు.

"అక్కా, ఆ వెనక గోడ చూడలేకపోతున్నాను. కప్పెయ్యడానికేమైనా ఉందా?"

అక్క మూటలన్నీ విప్పి, వెలిసిన నీలం కర్టెను ఒకటి తీసింది.

"ఇది తీసుకెళ్ళు తమ్ముడూ. దీని కిటికీ ఇంకా దీన్ని వదల్లేదు. పొద్దున ఎండ వస్తుంది, సాయంత్రం గాలి బాగుంటుంది. ఉతుక్కో, ఇస్త్రీ చేసుకో. కత్తెర మాత్రం పెట్టకు."

"ఏ ఇంటి కిటికీ అక్కా?"

"అవన్నీ నీకెందుకు? కిటికీ కావాలా, అడ్రసు కావాలా?"

వెనక గోడకి రెండు మేకులు కొట్టి కర్టెను వేలాడదీశాడు. కాసేపటికి దాని వెనక తెల్లవారింది. నీలం గుడ్డలోంచి ఎండ నేలమీద పలకలు పలకలుగా పడింది. కింద అంచు ఉబ్బి లేచి, తడి ఆకుల వాసనతో గాలి లోపలికి వచ్చింది. కర్టెను ఎత్తి చూస్తే వెనక గోడే. దించితే కిటికీ.

పక్కింటి పిన్ని తలంటుకుని వచ్చి, కుర్చీలో కూలబడి జుట్టు ఆరబెట్టుకుంది. "నీ కిటికీ బాగుందిరా అబ్బాయ్. మా దాంట్లోంచి మురిక్కాలవ వాసన తప్ప ఏం రాదు," అంది. ఇంటి ఓనరు తలుపు దగ్గర్నించే తొంగిచూసి, వానొస్తే జల్లు పడి గోడ నానుతుందని గొణుక్కుంటూ పోయాడు.

దర్జీమాస్టరు ఆరోజు చాలాకాలానికి కడుపునిండా తిన్నాడు.

నర్సు వచ్చే రోజు పొద్దున్నే గది ఊడ్చి, గుమ్మంలో నిలబడి చూసుకున్నాడు. అన్నీ బాగున్నాయి. కర్టెను ఒక్కటే కాస్త పొడుగై నేలమీద పొర్లుతోంది. అతని వేళ్ళు దురదపెట్టాయి. కత్తెర పెట్టొద్దని అక్క చెప్పింది నిజమే. కానీ ఆవిడకేం తెలుసు, ఇక్కడున్నది ఎవరి కత్తెరో?

ఎడమవైపు కాస్త తీశాడు. కాస్త ఎక్కువే తెగింది. దానికి సరిపోయేట్టు కుడివైపు తీశాడు. అది ఇంకాస్త ఎక్కువ తెగింది. మళ్ళీ ఎడమ. మళ్ళీ కుడి. చూస్తూ చూస్తుండగానే కర్టెను చిన్నప్పటి లాగులా పైకి చేరింది. ఎండ అలాగే ఉంది. గాలి ఆగిపోయింది.

తలుపు చప్పుడైంది. దర్జీమాస్టరు తెగిన ముక్కలన్నీ జేబుల్లో కుక్కుకున్నాడు.

నర్సు చెడ్డమనిషేం కాదు. కుర్చీ తొడుగు తడిమి చూసి మెచ్చుకుంది. సాసర్లు చూసి నవ్వింది. నేలమీద ఎండలో చెయ్యి పెట్టి, "వెలుతురు బాగానే ఉంది," అంది. తర్వాత అతని భుజం మీద అంటుకున్న దారప్పోగు తీసి కర్టెను ముందు పట్టుకుంది. దారం నిట్టనిలువుగా వేలాడింది. కాసేపు ఆగింది. పోగు చివర కూడా కదల్లేదు.

"మీరెంత తాపత్రయపడ్డారో కనబడుతూనే ఉంది మాస్టారూ. కానీ గాలి లేదు. రేపు పొద్దున బండి వస్తుంది."

"నిన్న ఉంది సిస్టరమ్మా!"

"నేనొచ్చింది ఇవాళ కదా," అంది నర్సు మెల్లిగా.

ఆస్పత్రికి ఎలా నడిచాడో అతనికే తెలీదు. అతని మొహం చూడగానే భార్య దిండు మీంచి తల ఎత్తింది.

"ఏం మాస్టరూ, మొహం వేలాడేశావ్? ఎవరి ప్యాంటు పాడుచేశావ్?"

"కర్టెను."

"దాని కాళ్ళూ ఎగుడుదిగుడేనా?" నవ్వింది. దగ్గు తెర పట్టుకుని వదల్లేదు. పెదాలు నీలంగా మారాయి. సద్దుకున్నాక గొంతు కూడదీసుకుని అడిగింది, "కొండమీద కిటికీలుంటాయటగా?"

"ఉంటాయట."

"నువ్వుండవుగా."

దర్జీమాస్టరు ఏం చెయ్యాలో తెలీక, జేబులో చేతికి తగిలిన గుడ్డ తీసి ఆవిడ నుదుటి చెమట అద్దాడు. ఆవిడ చెంప మీది వెంట్రుకలు కదిలాయి. ఫ్యాను కాదు, ఫ్యాను ఎప్పటినించో పనిచెయ్యడంలేదు. తడి ఆకుల వాసన వచ్చింది. ఆవిడ కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చింది. అది మధ్యలో తెగకుండా చివరిదాకా వెళ్ళింది.

"ఎక్కడిదీ గాలి?"

"ఎవరి కిటికీదో. అడగొద్దంది అక్క."

కాలర్లో గుచ్చుకున్న సూది తీసి, స్టూలు మీద కూర్చుని ముక్కలన్నీ కలిపి దిండుకి గలీబు కుట్టాడు. కొలవలేదు. ఒక మూల దిండు బయటికి తొంగిచూసింది. పక్క మంచం మీది ముసలామె, "నాయనా, మీ ఆవిడ దిండు కాస్త ఇటు తిప్పి పెట్టవూ," అని అడిగింది.

పొద్దున బండి వచ్చి ఆస్పత్రి ముందు ఆగింది. నర్సు దుప్పటి మడతపెట్టబోతుంటే దర్జీమాస్టరు అడ్డం నిలబడ్డాడు. భుజం మీంచి దారప్పోగు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఒక్కసారి ఇక్కడ పట్టుకోండి సిస్టరమ్మా. కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

నర్సు దారాన్ని దిండు పక్కన పట్టుకుంది. పోగు అటూ ఇటూ ఊగి, అడ్డంగా లేచి నిలిచింది. ఆవిడ దానివంక చూసింది, నిద్రలో నెమ్మదిగా లేచి పడుతున్న పేషెంటు ఛాతీవంక చూసింది.

"వెలుతురు నిన్నే చూశాను. గాలి ఇక్కడుంది," అంది తనలో తను లెక్క సరిచూసుకుంటున్నట్టు. "రెండూ ఒకే గదిలో ఉంటే నాకు చాలు." బండివాణ్ణి వెళ్ళిపొమ్మని చెయ్యి ఊపింది.

ఇప్పుడావిడ ఇంట్లోనే ఉంది. గోడమీంచి ఎండ దుప్పటి మీద పడుతుంది, గాలి చెవి పక్కనించి వస్తుంది.

"నువ్వు కత్తెర పెట్టకుండా ఉంటే నాకు ఆ రాత్రి భయం తప్పేదిగా?" అందొకరోజు.

"తప్పేదే. కానీ ఆ గోడ దగ్గరే ఆగిపోయే గాలి నీ ముక్కుదాకా రావద్దూ?"

"ఆహా, ముందుచూపు!" అంది. నవ్వింది, దగ్గింది, దిండులోకి మొహం పెట్టుకుని సద్దుకుంది.

కొన్నిరోజులు గాలి జోరుగా వస్తుంది. కొన్నిరోజులు ఆవిడ దిండు తిప్పి తిప్పి వెతుక్కోవాలి.

"ఇంకెన్నాళ్ళొస్తుందంటావ్ మాస్టరూ?"

దర్జీమాస్టరు గలీబు వంక తేరిపార చూశాడు. అన్ని ప్యాంట్లనీ చూసినట్టే చూశాడు. ఈసారి కొలత కంటికి ఆనలేదు.

అక్క కొట్టులో పాత టేపొకటి దొరికితే తెచ్చి మెడలో వేసుకున్నాడు. ఇప్పుడతని ప్యాంట్లు చాలావరకు సమానంగానే వస్తున్నాయట. ఆవిడ అడిగినదాన్ని మాత్రం ఎలా కొలవాలో అతనికింకా తెలీదు.