అడ్డుగోడకు అటూ ఇటూ పందెం

తమ్ముడు మేకు తన వాటా నేల మింగాడని దర్జీ చెప్పుకోని మనిషి లేడు. ఎక్కడ సందు దొరికితే అక్కడ దిగబడతాడని చిన్నప్పుడు తనే పెట్టిన పేరది. తండ్రి వదిలిన హాలును సగానికి పంచి అడ్డుగోడ లేపిన రోజు దర్జీ స్కూలు యూనిఫారాల పనిలో తలెత్తలేదు. కట్టిన మేస్త్రీ మేకుకు ప్రాణస్నేహితుడు. ఇంకేం కావాలి? అప్పటినుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. ఉన్నవల్లా గోడకు వినబడేలా అనే దెప్పులే.

మేకు కూతురు చిట్టికి మాత్రం ఆ గోడ ఒక లెక్క కాదు. ఒక బొమ్మకార్ల కంపెనీ తన కార్లతో వీడియోగేమ్ చేయిస్తుంటే అందులో ఆమెకు ఉద్యోగం. వేలెడంత కార్లు ఇళ్ళలో మంచాల కిందా, అలమరాల మీదా పరుగెత్తే పందెం. తమ ఇంటినే ట్రాక్ చేస్తానని కొలతలు తీసే యంత్రంతో రెండు గదులూ మూలమూలా గాలించింది. ఇవాళ లాప్‌టాప్ తెచ్చి కత్తిరింపు బల్ల మీద పెట్టింది.

"నీ గదిలో నీ బండి, నాన్న గదిలో నా బండి. ఈ గోడ నుంచి ఆ గోడకి పదిసార్లు. రెండూ ఒకే రకం పెదనాన్నా, తర్వాత వంకలు పెట్టొద్దు."

"సోది ఆపి మొదలెట్టవే."

తెర మీద మిషను కాళ్ళు, గుండీల డబ్బా, రాలిన పీలికలు మేడల్లా లేచాయి. బండి వాటి మధ్య దూసుకుపోయింది. అయినా దర్జీ ఓడాడు. మళ్ళీ ఆడి మళ్ళీ ఓడాడు. గదులు మార్చుకున్నారు. ఈసారి, పుట్టి బుద్ధెరిగి కీబోర్డు ముట్టని దర్జీ గెలిచాడు.

"మీ నాన్నకి దారి తగ్గించావు. తండ్రికి తగ్గ కూతురివే."

"గది ఎంతుంటే దారి అంత. నీ గదే పెద్దది."

"నాదా? నలుగురూ నవ్విపోతారు."

మెడలో టేపు ఉంది. అందరి నడుములూ కొలిచిన ఆ టేపును ఇన్నేళ్ళలో ఒక్కసారీ గోడకు పెట్టలేదు. కళ్ళకు కనబడేదానికి కొలతెందుకు అనుకున్నాడు. మూడు మిషన్లు, బల్ల, తానులు కుక్కిన గది ఇరుకు కాక ఏమవుతుంది? తన గది కొలిచి, విసురుగా తమ్ముడి గడప దాటాడు. మంచమూ కుర్చీ తప్ప ఏమీలేని గది. మోకాళ్ళ మీద పాకుతూ కొలిచాడు. మళ్ళీ కొలిచాడు.

"మేస్త్రీ తప్పు కట్టాడ్రా," అన్నాడు ఎట్టకేలకు.

కుర్చీలోంచి మేకు లేవలేదు. "వాడిదేం తప్పు లేదు. జరిపి కట్టమని నేనే చెప్పా. మూడో మిషను పట్టేది కాదుగా నీకు."

"ఆ మాట చెప్పి చావొచ్చుగా."

"తిట్టడం ఆపితేగా నువ్వు."

దర్జీ గోడకు ఆనుకుని అలాగే చతికిలబడ్డాడు. గదులకు తేడా అడుగున్నర. అంటే గోడ జరిగింది తొమ్మిది అంగుళాలు. పొడవు పద్దెనిమిది అడుగులు. మేకు పోగొట్టుకున్న నేల పదమూడున్నర చదరపు అడుగులు.