గీకకుండా వదిలిన చోటు

మా చర్చిలో ఫ్యాన్లు తిరుగుతున్నంతసేపే దేవుడి మీద మనసు నిలుస్తుంది. కరెంటు పోయి అవి ఆగాయంటే రెక్కల మీద పేర్లు కనిపిస్తాయి. ఫలానా వారి జ్ఞాపకార్థం, ఫలానా వారి కుమారుల విరాళం. బెంచీలకూ పేర్లున్నాయి, మైకు స్టాండుకు కూడా ఉంది. మా మామగారి పేరు మాత్రం గోడ మీద ఉండేది. అది విరాళం ఇచ్చి రాయించుకున్నది కాదు, ప్రాణం పోతే రాసింది.

మామగారు మరియదాసు కంకిపాడు చుట్టుపక్కల ఊళ్లకు సున్నాలు వేసే మేస్త్రీ. ఈ చర్చికి సున్నం వేస్తూనే పరంజా మీద నుంచి పడి చనిపోయాడు. నేనప్పటికి ఈ ఇంటికి కోడలిగా రాలేదు. ఆయన పడ్డ చోట, తలుపు పక్క గోడ మీద, అప్పటి ఫాదర్ గారు నల్లరంగుతో స్వయంగా ‘మరియదాసు’ అని రాశారట. తర్వాత ఏటా క్రిస్మసుకు సున్నం వేసింది మా ఆయన యేసుకుమారే. వేసినప్పుడల్లా ఆ పేరున్న మేర వదిలేసేవాడు. ఏళ్ల తరబడి చుట్టూ సున్నం మందమెక్కి, పేరు గూట్లో పెట్టినట్టు లోపలికి పోయింది.

మా అత్త తెరేసమ్మకు అక్షరం ముక్క రాదు. ఆ పేరొక్కటే వచ్చు. ఆదివారం లోపలికి వెళ్తూ, చూపుడువేలితో ‘మ’ దగ్గర మొదలుపెట్టి చివరిదాకా దిద్దేది. పాత సున్నం కదా, పొడి వేలికి అంటేది. ఆ వేలిని ముద్దు పెట్టుకునేదే తప్ప ఏనాడూ తుడుచుకోలేదు.

పోయినేడు చర్చికి యాభై ఏళ్ల పండుగ వచ్చింది. మేత్రాణులు, అదే బిషప్ గారు, వస్తున్నారని కమిటీ పెద్ద, రైసుమిల్లు ఇన్నయ్య గారు, మా ఆయన్ని పిలిపించారు. నేనూ వెళ్లాను.

“ఈసారి సున్నం గిన్నం కాదు ఏసూ. పుట్టీ పెట్టి ఎమల్షన్ వెయ్యి. గోడ అద్దంలా ఉండాలి. తలుపు పక్కన ఆ గుంట కూడా కనపడకూడదు.”

“అక్కడ మా నాన్న పేరుందండీ.”

“గ్రానైటు పలక చేయిస్తున్నాంగా, అందులో పెట్టిద్దాం. నీకు కుదరదంటే చెప్పు, బెజవాడ నుంచి మిషన్ వాళ్లొస్తారు. ఇటుక కనపడేదాకా గీకి పోతారు.”

నేనైతే ఆ మిషన్ వాళ్లనే పిలుచుకోమని మొహం మీదే చెప్పేదాన్ని. మా ఆయన “సరేనండీ” అన్నాడు. ఆ మాట ఆయనకు ఊపిరంత అలవాటు. ఇంటికొచ్చి అన్నం కెలికి లేచిపోయాడు. మర్నాడు పొద్దున్నే తల్లి మంచం దగ్గర కూర్చుని తన ఉపాయం చెప్పాడు.

“గోడంతా గీకుతానమ్మా. నీళ్లు కొట్టి, పాత సున్నం పోయి సిమెంటు కనపడేదాకా గీకి, ఆరాక ప్రైమర్ కొట్టి, అప్పుడు పుట్టీ పెడతా. నాన్న పేరున్న చోట మాత్రం గీకను. ప్రైమర్ కూడా వెయ్యను. ఉత్త సున్నం మీద పుట్టీ పట్టుకోదు. ఒక్క వానాకాలం ఓర్చుకో, దానంతట అదే ఊడిపోద్ది. పేరు బయటపడుద్ది. వాళ్లడిగితే చెమ్మండీ అంటా.”

“అంటే దాచిపెట్టినట్టేగా?” అంది అత్త.

“దాచిపెట్టినట్టే.”

నాకూ నచ్చింది. వాళ్ల పండక్కి వాళ్ల గోడ, మాకు మా పేరు. మెత్తని మనుషులకు తోచే ఉపాయాలు ఇలాగే ఉంటాయని అప్పుడు నాకు తట్టలేదు.

పండుగనాటికి గోడ ఇన్నయ్య గారు కోరినట్టే మెరిసింది. పలక మీద బంగారు రంగు అక్షరాలు కిందిదాకా కిక్కిరిసి ఉన్నాయి. మామగారి పేరు లేదు. మా ఆయన అడిగితే, “చోటు చాల్లేదయ్యా, విరాళాలిచ్చిన వాళ్లవే పట్టలేదు” అన్నారు. ఆ పలక మీద ఇన్నయ్య గారి మనవరాలి పేరుంది. దానికి అప్పటికింకా పళ్లు రాలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. అత్త మాత్రం పలక వంక చూడనైనా చూడలేదు. నున్నటి గోడ మీద చెయ్యి పెట్టి, “ఉండనీలే, వానలు రానీ” అంది.

వానలొచ్చాయి. కాలవ నిండింది. మా నేలలో చెమ్మ ఊరికే ఉండదు, గోడలెక్కుతుంది. తలుపు పక్కన పుట్టీ పూరీలా పొంగింది. అత్త దాన్ని వేలి కణుపుతో కొట్టి, డొల్ల మోత విని, ఆవేళ ఇంటికొచ్చి రెండోసారి అన్నం పెట్టించుకుంది. ఆవిడ అంత సంతోషంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

ఓ ఆదివారం పూజ అయ్యి బయటికొస్తుంటే అది ఊడి పడింది. ముగ్గురం ఒక్కసారే గోడ వంక చూశాం. బూడిదరంగు సిమెంటు ఉంది. ఒక్క నల్ల గీత కూడా లేదు.

మా ఆయన వంగి ఒక పెచ్చు తీసి వెనక్కి తిప్పాడు. వెనక తెల్లటి సున్నం, సున్నంలో ఈ వైపుదాకా ఇంకిన నల్లటి అక్షరాలు. పుట్టీ ఊడితే సున్నాన్ని కూడా పట్టుకుని వస్తుంది. జీవితమంతా అలాంటి పెచ్చులు రాల్చిన మనిషి, కన్నతండ్రి పేరు దగ్గరకొచ్చేసరికి అది మరిచిపోయాడు. ఆయన్ని తిట్టాలనుకున్నాను. మొహం చూసి, వంగి మిగతా పెచ్చులు ఏరడం మొదలుపెట్టాను.

ఇన్నయ్య గారు వచ్చి చూశారు. “మిగతా గోడంతా నిక్షేపంలా ఉంది, ఇక్కడొక్క చోటే ఏంటయ్యా ఇది? సరిగ్గా గీకి మళ్లీ పెట్టు” అన్నారు. గీకడానికి అక్కడ ఇంకేం మిగిలిందని.

“సరేనండీ” అన్నాడు మా ఆయన.

అత్త మెట్టు మీద కూలబడింది. పెద్ద పెచ్చు తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టాను.

“ఇందులో ఉందా?”

“ఉందమ్మా,” అన్నాడు మా ఆయన. “అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది.”

ఆవిడ ఎప్పటిలా ఎడమ చివర వేలు పెట్టింది. అక్కడ ‘మ’ లేదు. వేలు కొంచెం ముందుకు జరిగి ఆగింది. మళ్లీ మొదటికొచ్చింది, మళ్లీ ఆగింది. ఆ దారి వేలికి తెలియలేదు.

“ఇది మీ మామ పేరు కాదే అమ్మాయ్,” అంది నాతో. “ఎవరిదో.”

పెచ్చు నా చేతికిచ్చి, వేలికంటిన సున్నాన్ని కొంగుకు తుడుచుకుంది.