అక్క మెడ మీది మచ్చ

మా అక్క పేరు తూవె. ఆమె మెడ మీది కాలిన మచ్చను ఫొటో తీసి, కంప్యూటర్‌లో బొమ్మలు చెక్కే బ్రష్‌గా మలిచాను; దాన్ని రుద్దిన చోటల్లా బొమ్మ ఒంటి మీద అదే మచ్చ పడుతుంది. స్వీడన్‌లోని మాల్మోలో మా స్టూడియో చేస్తున్న గేమ్‌లో కథానాయిక మెడకు మాత్రమే వాడతానంటే అక్క ఒప్పుకుంది. కానీ ఎవరు చేసిన బ్రష్ అయినా అందరి ఫోల్డర్‌లో పెట్టాలన్నది మా స్టూడియో ఆనవాయితీ, నేనూ పెట్టాను. రాక్షసుడి బొమ్మ చేస్తున్న యోరన్ దాన్ని తీసుకుని రాక్షసుడి ఒళ్ళంతా రుద్దేశాడు.

"అడగాలని తెలీదా నీకు?" అని మండిపడ్డాను.

"బ్రష్‌కి కూడా చుట్టాలుంటారా తల్లీ?" అని నవ్వాడు. అప్పటికి ఇక మార్చే వ్యవధి లేదు.

గేమ్ చూపించే రోజు అక్క వచ్చింది. తెర నిండా రాక్షసుడు. అక్క మెడ చుట్టూ స్కార్ఫ్ బిగించుకుంది.

"నాకు మెడ ఒక్కటే కదే కాలింది," అంది.